విండోస్ పక్కన పెట్టి లినక్స్‌లో ఆటలు ఆడటం ఎలా? అప్‌స్కేలింగ్‌ను ఎక్కడ వాడాలి?

లినక్స్‌లో ఆటలు ఆడదామనుకునే వాళ్లు మొదట అడిగేది ‘ఏ డిస్ట్రో (లినక్స్ రూపం) మంచిది’ అని. నిజానికి అది మూడో ప్రశ్న. మీరు ఆడే ఆటలేమిటన్నది మొదటిది. మీ యంత్రంలో ముందుగా అలిసిపోతున్నది ప్రాసెసరా, గ్రాఫిక్స్ చిప్పా అన్నది రెండోది. ఈ రెండూ తేల్చుకోకుండా అప్‌స్కేలింగ్ (బొమ్మను చిన్నగా గీసి, తెరకు సరిపడా పెద్దది చేయడం) పెట్టేస్తే బొమ్మ మసకబారుతుందే గానీ ఆట వేగం పెరగదు.

విజయవాడ, గుంటూరు కుర్రకారు దగ్గర ఎక్కువగా కనిపించే మూడు రకాల యంత్రాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను: ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న జీటీఎక్స్ 1650 ల్యాప్‌టాప్, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన అన్నయ్య సూట్‌కేసులో దిగిన స్టీమ్ డెక్, ఇక్కడే బిల్లుతో కొన్న ఆర్‌ఓజీ అలై. చివరి రెండూ చేతిలో పట్టుకుని ఆడే కంప్యూటర్లు (హ్యాండ్‌హెల్డ్‌లు). స్టీమ్ డెక్‌ను దాని తయారీదారు వాల్వ్ మన దేశంలో నేరుగా అమ్మదు. దుకాణంలో ‘ఇండియా వారంటీ’ అని చెబితే ఆ వారంటీ ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. అది సాధారణంగా ఆ దుకాణం మాటే తప్ప తయారీదారుది కాదు. మరమ్మతుకు ఎక్కడికి పంపాలన్న బెంగ ఉన్నవాళ్లకు అలై, లెజియన్ గో లాంటివే నయం.

మొదట ఆటల జాబితా రాయండి

వాల్వ్ 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను తెచ్చాక లినక్స్‌లో విండోస్ ఆటలు నడపడం మామూలు పని అయింది. ప్రోటాన్‌కు పునాది వైన్, అంటే విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. దానికి తోడు రెండు ముఖ్యమైన భాగాలు పనిచేస్తాయి. డైరెక్ట్‌ఎక్స్ (విండోస్ గ్రాఫిక్స్ భాష) 11 వరకు ఉన్న ఆటల గ్రాఫిక్స్ ఆదేశాలను డీఎక్స్‌వీకే లినక్స్‌కు అర్థమయ్యే వల్కన్‌లోకి మారుస్తుంది. డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటలకు ఆ పని వీకేడీ3డీ-ప్రోటాన్ చేస్తుంది. ప్రాసెసర్‌ను అనుకరించే పని ఇందులో లేదు కాబట్టి వేగంలో నష్టం తక్కువ. ఏఎండీ చిప్‌ల మీద కొన్ని ఆటలు విండోస్‌లో కంటే సాఫీగా కూడా నడుస్తాయి. ఎన్‌విడియా కార్డుల్లో మాత్రం డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటలు విండోస్ కంటే నెమ్మదించడం తెలిసిన సమస్యే. ఆట సెట్టింగ్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఎంపిక కూడా ఉంటే, అలాంటి కార్డు ఉన్నవాళ్లు ముందు దాన్నే ప్రయత్నించండి.

ఒంటరిగా ఆడే ఆటల్లో చాలా భాగం ఇబ్బంది లేకుండా నడుస్తాయి. చిక్కంతా నలుగురితో కలిసి ఆడే వాటితోనే. మోసాలను పట్టుకునే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్ విండోస్ కెర్నల్ (వ్యవస్థ గుండెకాయ) లోపల కూర్చుంటే ప్రోటాన్ ఏమీ చేయలేదు. వాలరెంట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్, ఫోర్ట్‌నైట్, పీసీ పబ్‌జీ, బ్యాటిల్‌ఫీల్డ్ 6 లినక్స్‌లో నడవవు. ఎపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబరు చివరి వరకు నడిచి, ఆగిపోయింది. జీటీఏ 5 కథ భాగం హాయిగా ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ భాగానికి 2024 సెప్టెంబరులో తలుపు మూసుకుంది. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 లినక్స్ కోసమే తయారైన రూపంలో దొరుకుతాయి. వాలరెంట్ లేకపోతే పొద్దు గడవదనే వాళ్లు విండోస్‌ను తీసేయకండి. రెండింటినీ వేర్వేరు డిస్కుల్లో పెట్టుకోండి.

మీ జాబితాలోని ప్రతి ఆటనూ ఆటగాళ్ల అనుభవాలు పోగేసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో వెతకండి. ప్లాటినం, గోల్డ్ అని కనిపించే పతకం దగ్గరే ఆగిపోవద్దు. కిందికి దిగి, గత రెండు మూడు నెలల్లో మీలాంటి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు ఏం రాశారో చదవండి. పతకం పాత సంగతి చెబుతుంది, కింది వ్యాఖ్యలు ఈ నెల సంగతి చెబుతాయి.

డిస్కు జోలికి వెళ్లే ముందు

విండోస్ 11 ఉన్న చాలా యంత్రాల్లో డిస్కు మనకు తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయి (తాళం పడి) ఉంటుంది. బయోస్‌లో (యంత్రం మూల సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న వ్యవస్థనే తెరవనిచ్చే భద్రత) లాంటివి మార్చగానే మరుసటిసారి విండోస్ 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే లాగిన్ అయి దాన్ని కాగితం మీద రాసుకోండి. ఫోనులో స్క్రీన్‌షాట్ తీసుకున్నా సరే, అదే ల్యాప్‌టాప్‌లో మాత్రం దాచకండి. తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది.

విండోస్ ఉన్న డిస్కునే ముక్కలు చేయడం కంటే రెండో ఎస్‌ఎస్‌డీ వేసుకోవడం మేలు. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రెండో ఎం.2 స్లాట్ ఉంటుంది. హ్యాండ్‌హెల్డ్‌లలో ఒకటే ఉంటుంది కాబట్టి మార్చాల్సిందే, అక్కడ కొలత చూసుకోవాలి. స్టీమ్ డెక్‌లోనూ మొదటి అలైలోనూ 2230 అనే పొట్టి ఎస్‌ఎస్‌డీ పడుతుంది. అలై ఎక్స్‌లో మామూలు 2280 పడుతుంది. గవర్నర్‌పేట కంప్యూటర్ దుకాణాల్లో 2280 అడిగిన వెంటనే ఇస్తారు గానీ 2230 అన్ని చోట్లా ఉండదు. ముందు ఫోను చేసి కనుక్కుని వెళ్లండి.

ఏది వేయాలి, ఎలా వేయాలి

స్టీమ్ డెక్‌లో ఇప్పటికే స్టీమ్‌ఓఎస్ ఉంటుంది, వాల్వ్ ఆర్చ్ లినక్స్ మీద కట్టిన వ్యవస్థ అది. మీరు చేయాల్సిందేమీ లేదు, తర్వాతి మెట్టుకు వెళ్లండి. అలై, లెజియన్ గో లాంటి ఏఎండీ హ్యాండ్‌హెల్డ్‌ల కోసం వాల్వ్ 2025లో స్టీమ్‌ఓఎస్ 3.7తో దారి తెరిచింది. అయినా వాటి మీద నా ఓటు బజైట్‌కే. ఫెడోరా పునాది మీద కట్టిన ఈ వ్యవస్థలో హ్యాండ్‌హెల్డ్ బటన్లకు, విద్యుత్ నియంత్రణకు కావలసినవి ముందే అమర్చి ఉంటాయి. ఎన్‌విడియా ల్యాప్‌టాప్‌కు కూడా బజైట్ వేసుకోవచ్చు, అయితే తెరిచీ తెరవగానే ఆటల తెర వచ్చే రూపం కాకుండా మామూలు డెస్క్‌టాప్ రూపాన్ని ఎంచుకోండి.

బజైట్ సైట్‌లో యంత్రం పేరు, గ్రాఫిక్స్ కార్డు రకం, డెస్క్‌టాప్ రకం అడుగుతుంది. సమాధానాలు ఇస్తే తగిన ఫైలు చూపిస్తుంది. చాలా జీబీల ఫైలు అది. ఫోను డేటాతో మొదలుపెడితే రోజు కోటా సగంలోనే అయిపోతుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లడం ఉత్తమం. దాన్ని ఫెడోరా మీడియా రైటర్‌తో 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, యంత్రాన్ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు ఎంచుకునే తెర దగ్గర తొందర పడకండి. పేరు, సైజు రెండూ చూసి కొత్త ఎస్‌ఎస్‌డీనే ఎంచుకోండి. మిగతావన్నీ సరిదిద్దుకోగలిగేవే, తప్పు డిస్కు చెరిగిపోతే మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి తెరిచినప్పుడు నీలం తెర ఒకటి వచ్చి ఎన్‌రోల్ ఎంఓకే అని కనిపిస్తుంది. భయపడకండి, అది విండోస్ నీలం తెర కాదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచుకోవాలంటే ఆ ఎంపిక నొక్కి, కంటిన్యూ అని, పాస్‌వర్డ్ దగ్గర యూనివర్సల్‌బ్లూ అని ఇంగ్లిష్‌లో కొట్టాలి. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండదు. కొడుతున్నప్పుడు తెర మీద ఏమీ కనిపించదు, అయినా అక్షరాలు పడుతూనే ఉంటాయి. హ్యాండ్‌హెల్డ్‌కు ఈ ఒక్కసారికి యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోండి.

హ్యాండ్‌హెల్డ్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఫర్వాలేదు. బ్యాటరీ చచ్చిపోయిన పాత ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ లైన్‌లో ఉన్న ప్లగ్‌కే పెట్టండి.

ఆటలు దింపుకోవడం

స్టీమ్‌లో (వాల్వ్ ఆటల దుకాణం యాప్) సెట్టింగ్స్, కంపాటిబిలిటీ కింద స్టీమ్ ప్లే ఇతర ఆటలకు కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొత్త స్టీమ్‌లో అది ముందే ఆన్ అయి ఉంటుంది.

విండోస్ డిస్కులో ఇప్పటికే ఉన్న ఆటల ఫోల్డర్‌నే లినక్స్‌కూ చూపించి పని కానిద్దామనిపిస్తుంది. అలా చేయకండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి డిస్కు మీద ప్రోటాన్ తరచూ మొరాయిస్తుంది, ఆట తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతుంది. ఆటల కోసం ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన భాగాన్ని వాడండి.

మళ్లీ వంద జీబీలు దింపాలా అని గుండెలు బాదుకోనవసరం లేదు. 2023 ఫిబ్రవరి నుంచి స్టీమ్‌లో ఒకే వైఫై లేదా లాన్ మీద ఉన్న కంప్యూటర్ల మధ్య ఆటలు బదిలీ చేసుకునే సౌకర్యం ఉంది. హాస్టల్‌లో ఒక్కరు దింపితే చాలు. సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ దగ్గర రెండు యంత్రాల్లోనూ అనుమతి ఇచ్చి, రెండో యంత్రంలో ఇన్‌స్టాల్ నొక్కండి. ఆ ఆటను ఇద్దరూ కొనుక్కుని ఉండాలనుకోండి. విండోస్ యంత్రం నుంచి లినక్స్ యంత్రానికి కూడా ఫైళ్లు వస్తాయి. రూటర్ నుంచి రెండింటికీ తీగ లాగితే ఇంకా త్వరగా అవుతుంది.

ఎపిక్, జీఓజీ ఆటలకు హీరోయిక్ గేమ్స్ లాంచర్ వేసుకోండి. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, పని చేస్తుంది.

కొలవండి, ఆ తర్వాతే మార్చండి

చాలామంది దాటవేసే మెట్టు ఇది. డెక్‌లో మూడు చుక్కల బటన్ (అలైలో అదే మెనూ తెరిచే బటన్) నొక్కి పెర్ఫార్మెన్స్ భాగంలో ఓవర్‌లే స్థాయిని పెంచండి. డెస్క్‌టాప్‌లో అదే పని మ్యాంగోహడ్ చేస్తుంది. తెర మూలన జీపీయూ శాతం, సీపీయూ శాతం, వాట్లు, ఉష్ణోగ్రత, ఫ్రేముల సంఖ్య (సెకనుకు ఎన్ని బొమ్మలో), కింద ఒక గీత కనిపిస్తాయి. ఫ్రేముల సంఖ్య కంటే ఆ గీత ముఖ్యం. ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని అది చూపిస్తుంది. సంఖ్య 55 అని ఉన్నా గీత ముళ్లకంపలా పైకీ కిందికీ లేస్తుంటే ఆట చేతికి కుదుపుగానే తగులుతుంది.

ఇప్పుడు పరీక్ష. ఎప్పుడూ ఒకే చోట కొలవాలి కాబట్టి సొంత బెంచ్‌మార్క్ ఉన్న ఆటతో మొదలుపెట్టడం సులభం. సైబర్‌పంక్ 2077లో అలాంటిది ఉంది. ఒకసారి మామూలు రిజల్యూషన్‌లో నడపండి. తర్వాత రిజల్యూషన్‌ను బాగా తగ్గించి, 1280×800 ఉంటే 640×400 చేసి, మళ్లీ నడపండి. ఫ్రేములు గట్టిగా పెరిగితే భారం గ్రాఫిక్స్ చిప్ మీద ఉన్నట్టు, అప్‌స్కేలింగ్ మీకు పనికొస్తుంది. దాదాపు అలాగే ఉంటే భారం ప్రాసెసర్ మీద ఉంది. అప్పుడు ఏ అప్‌స్కేలింగూ ఆదుకోదు. జనసందోహం, ట్రాఫిక్ సాంద్రత, నీడల దూరం లాంటివి తగ్గించాలి.

ల్యాప్‌టాప్ వాళ్లకు ఇంకో రెండు చూపులు. ఓవర్‌లేలో గ్రాఫిక్స్ కార్డు పేరు కనిపించేలా పెట్టి, ఆట ఎన్‌విడియా మీద నడుస్తోందా, ప్రాసెసర్‌లోని చిన్న ఇంటెల్ చిప్ మీదా అన్నది చూడండి. రెండోది, వీడియో మెమరీ. జీటీఎక్స్ 1650లో ఉన్నది 4 జీబీలే. అది నిండిపోతే ఆట ఆగి ఆగి నడుస్తుంది. టెక్స్చర్ (వస్తువుల ఉపరితలం మీది బొమ్మ) నాణ్యత ఒక మెట్టు దించితేనే అది తీరుతుంది, అప్‌స్కేలింగ్‌తో పెద్దగా తగ్గదు.

ఫ్రేములకు హద్దు, కరెంటుకు హద్దు

హ్యాండ్‌హెల్డ్‌లో 60 కోసం పాకులాడకండి. 40 దగ్గర కట్టేయండి. లెక్క ఇది: 30 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీ సెకన్లు పడుతుంది, 60 దగ్గర 16.7. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన ఉన్నది 25 మిల్లీ సెకన్లు, అంటే 40 ఫ్రేములు. సంఖ్యలో 30కి దగ్గరగా కనిపించినా చేతికి తెలిసే చురుకుదనంలో సగం దారి దాటేసినట్టే. అయితే తెర రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో) దానికి సరిపోలాలి. మొదటి స్టీమ్ డెక్ తెరను 40 హెర్ట్జ్‌కు దించవచ్చు. ఓఎల్‌ఈడీ డెక్‌లో 80 పెడితే ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపిస్తుంది. అలై తెర 120 హెర్ట్జ్, 40తో నిశ్శేషంగా భాగించబడుతుంది.

తర్వాత టీడీపీ లిమిట్. (మన ఊళ్లో ఈ మూడక్షరాలు వినగానే గుర్తొచ్చేది వేరు, ఇక్కడ చిప్ ఎన్ని వాట్లు వాడుకోవచ్చన్న హద్దు.) స్టీమ్ డెక్‌లో ఇది గరిష్ఠంగా 15. ఫ్రేములను 40 దగ్గర కట్టేసి, ఆట బరువుగా ఉన్న చోట నిలబడి, ఈ హద్దును ఒక్కో వాటు తగ్గించుకుంటూ రండి. గీత వణకడం మొదలైన చోట ఆగి, ఒక వాటు పెంచండి. ప్రతి ఆటకూ విడిగా ఈ సెట్టింగ్ దాచుకునే మీట అక్కడే ఉంటుంది.

బ్యాటరీ లెక్క చేతివేళ్ల మీద వేసుకోవచ్చు. మొదటి డెక్‌లో 40 వాట్-అవర్లు, ఓఎల్‌ఈడీలో 50, అలైలో 40, అలై ఎక్స్‌లో 80. తెర, వైఫై అన్నీ కలిపి యంత్రం 12 వాట్లు తాగుతుంటే 40 వాట్-అవర్లు మూడు గంటల ఇరవై నిమిషాలు వస్తాయి. అదే 24 వాట్లయితే అందులో సగం. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బస్సులో దాదాపు 275 కిలోమీటర్లు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ఎక్కి హద్దులేమీ పెట్టకుండా ఆడితే సూర్యాపేట రాకముందే తెర నల్లబడుతుంది. సీటు పక్కనుండే యూఎస్‌బీ రంధ్రాన్ని నమ్ముకోవద్దు, అది ఫోనుకే అంతంతమాత్రం. పవర్ బ్యాంక్ కొనేటట్టయితే యూఎస్‌బీ-సీ పవర్ డెలివరీతో 45 వాట్లు ఇచ్చేదే చూడండి. డెక్‌తో వచ్చే చార్జర్ సామర్థ్యం కూడా అంతే.

ఇక అప్‌స్కేలింగ్

ఇది రెండు జాతులు. ఒకటి ఎదురుగా ఉన్న ఒక్క ఫ్రేమునే చూసి, అంచులు గుర్తుపట్టి, సాగదీసి, పదును పెడుతుంది. 2021 జూన్‌లో ఏఎండీ తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 1 ఈ కోవది. దీనికి ఆట సహకారం అక్కర్లేదు కాబట్టి గేమ్‌స్కోప్ అనే పొర ద్వారా ఏ ఆటకైనా తగిలించవచ్చు.

రెండో జాతి ఎఫ్‌ఎస్‌ఆర్ 2, ఆ తర్వాతివి, ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్, ఇంటెల్ ఎక్స్‌ఈఎస్‌ఎస్. ఇవి కెమెరాను ప్రతి ఫ్రేములోనూ పిక్సెల్ కంటే తక్కువ దూరం అటూ ఇటూ జరుపుతూ, గడిచిన ఫ్రేముల సమాచారాన్ని పోగేసి, ఏ వస్తువు ఎటు కదిలిందో ఆట ఇచ్చే వివరాలతో జతచేసి పెద్ద బొమ్మను కడతాయి. అందుకే ఆట తయారీదారే వీటిని ఆటలో పెట్టాలి.

దీని నుంచి తేలే నియమం: ఆట సెట్టింగ్స్‌లో రెండో జాతిది ఉంటే అదే వాడండి. లేకపోతేనే వ్యవస్థ ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఆర్. రెండూ కలిపి ఎప్పుడూ వద్దు. ఆటలోనిది వాడినప్పుడు మ్యాపు, తూటాల సంఖ్య, సంభాషణల అక్షరాలు తెర అసలు రిజల్యూషన్‌లో గీస్తారు కాబట్టి స్పష్టంగా ఉంటాయి. వ్యవస్థ ఎఫ్‌ఎస్‌ఆర్ అక్షరాలను కూడా బొమ్మతో పాటే సాగదీస్తుంది. ఏడంగుళాల తెర మీద సబ్‌టైటిళ్లు చదవాల్సి వచ్చినప్పుడు ఆ తేడా కంటికి తెలుస్తుంది.

ఆటలో ఎఫ్‌ఎస్‌ఆర్ 2 దగ్గర క్వాలిటీ, బ్యాలెన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ అని ఉంటాయి. ఒక్కో వైపు 1.5, 1.7, 2 రెట్లు తగ్గించి గీయడమని వాటి అర్థం. 1920×1080 అలై తెర మీద క్వాలిటీ అంటే లోపల 1280×720 గీస్తోందన్నమాట, చక్కగా ఉంటుంది. 1280×800 డెక్ మీద అదే క్వాలిటీ 853×533 అవుతుంది, పెర్ఫార్మెన్స్ అయితే 640×400. యూట్యూబ్ వీడియోల్లో పెర్ఫార్మెన్స్ మోడ్ అద్భుతంగా కనిపించడానికి కారణం వాళ్లు 4కె తెర మీద చూపిస్తారు, అక్కడ లోపల 1080 గీత ఉంటుంది. మన చేతిలోని తెరకు ఆ మాట వర్తించదు. డెక్ మీద క్వాలిటీ దాటి కిందికి వెళ్లాల్సి వస్తే, ముందు నీడలు, ప్రతిబింబాలు, పొగమంచు తగ్గించండి. తక్కువ ఫ్రేముల దగ్గర పరిస్థితి ఇంకా దిగజారుతుంది, ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య దృశ్యం ఎక్కువ మారిపోయి పాత సమాచారం పనికిరాకుండా పోతుంది. అందుకే ఫ్రేముల హద్దు ముందు, అప్‌స్కేలింగ్ తర్వాత పెట్టాను.

మార్చాక ఎక్కడ చూడాలి? కదలకుండా నిలబడి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. సైబర్‌పంక్‌లో ఇనుప జాలీ కంచె పక్క నుంచి నెమ్మదిగా నడవండి, జాలీ గళ్లు మిణుకుమంటాయేమో చూడండి. రాత్రిపూట దూరంగా వెళ్తున్న కారు వెనక లైట్లు తోకలా సాగుతున్నాయా? ఖర్జూరం చెట్ల ఆకులు ఆకాశం ముందు విడివిడిగా ఉన్నాయా, ముద్దగా అతుక్కున్నాయా? మీ పాత్ర పక్కకు జరిగినప్పుడు దాని వెనక కొత్తగా బయటపడే గోడ మీద ఇసుక రాలినట్టు మెరుస్తుంటే, ఆ చోటుకు పాత సమాచారం లేదన్నమాట. అది ఎంత వరకు భరించగలరో మీ కన్నే చెప్పాలి.

ఒకే ఆటలో ఎఫ్‌ఎస్‌ఆర్, ఎక్స్‌ఈఎస్‌ఎస్ రెండూ ఉంటే పోల్చేటప్పుడు ఒక మెలిక ఉంది. ఎక్స్‌ఈఎస్‌ఎస్ 1.3 నుంచి ఇంటెల్ పేర్ల వెనక అంకెలు మార్చింది. ఇప్పుడు దాని క్వాలిటీ అంటే 1.7 రెట్లు, బ్యాలెన్స్‌డ్ అంటే 2. పేరు చూసి పోలిస్తే లెక్క తప్పుతుంది. ఎఫ్‌ఎస్‌ఆర్ క్వాలిటీకి జోడీ ఎక్స్‌ఈఎస్‌ఎస్ అల్ట్రా క్వాలిటీ. ఏఎండీ హ్యాండ్‌హెల్డ్ మీద ఎక్స్‌ఈఎస్‌ఎస్ మెరుపులు తక్కువగా చూపిస్తుంది గానీ చిప్ మీద భారం ఎక్కువ. నాలుగైదు ఫ్రేములు మిగులు ఉంటే ఎక్స్‌ఈఎస్‌ఎస్, లేకపోతే ఎఫ్‌ఎస్‌ఆర్.

డీఎల్‌ఎస్‌ఎస్‌కు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డు కావాలి. లినక్స్‌లోనూ ప్రోటాన్ ద్వారా పనిచేస్తుంది, ఆటలో ఆ ఎంపిక కనిపిస్తే మారు ఆలోచన లేకుండా పెట్టుకోండి. జీటీఎక్స్ 1650కి అది రాదు, ఎఫ్‌ఎస్‌ఆరే దిక్కు. 2025 మార్చిలో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 4 బొమ్మ నాణ్యతలో పెద్ద ముందడుగే, అయితే అది ఏఎండీ ఆర్ఎక్స్ 9000 కార్డుల కోసం తయారైంది. పాత చిప్‌ల మీద దాన్ని తగిలించే అనధికార మార్గాలు, ఒకదాని బదులు ఇంకొకటి నడిపే ఆప్టిస్కేలర్ లాంటి సాధనాలు ఉన్నాయి. ఒంటరి ఆటల్లో సరదాగా ప్రయత్నించవచ్చు. ఆన్‌లైన్ ఆటల్లో మాత్రం వద్దే వద్దు. ఆట ఫైళ్లు మారాయని యాంటీ-చీట్ గుర్తిస్తే ఖాతాయే పోతుంది.

ఆటలో ఏమీ లేదనుకోండి. అప్పుడు వ్యవస్థ ఎఫ్‌ఎస్‌ఆర్. డెక్‌లో ఆట పేజీలో గేర్ గుర్తు, ప్రాపర్టీస్, గేమ్ రిజల్యూషన్ దగ్గర 960×600 పెట్టండి. ఆటలోకి వెళ్లి ఫుల్ స్క్రీన్, 960×600 ఎంచుకోండి. ఆట ఇంకా 1280×800లోనే గీస్తుంటే సాగదీయడానికి ఏమీ ఉండదు, మీట ఆన్‌లో ఉన్నా తేడా రాదు. తర్వాత మూడు చుక్కల బటన్, పెర్ఫార్మెన్స్, స్కేలింగ్ ఫిల్టర్ దగ్గర ఎఫ్‌ఎస్‌ఆర్. కింద పదును సర్దుకునే జారుడు మీట వస్తుంది. మొహాల చుట్టూ తెల్ల గీత కనిపిస్తే ఎక్కువైనట్టు. అలై మీద ఇదే పని 1280×720తో చేయండి. పిక్సెల్ కళతో చేసిన పాత తరహా ఆటలకు ఎఫ్‌ఎస్‌ఆర్ అసలు వాడకూడదు, గళ్లు కరిగిపోతాయి. వాటికి పూర్ణ సంఖ్య రెట్లే పెంచే ఇంటీజర్ పద్ధతి సరైనది.

ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్‌లో ఈ మెనూ ఉండదు. ఆట లాంచ్ ఆప్షన్స్ గడిలో గేమ్‌స్కోప్‌ను మీరే పిలవాలి. దానికి అడ్డగీతతో నాలుగు సంఖ్యలు ఇవ్వాలి: చిన్న అక్షరాల డబ్ల్యూ, హెచ్ దగ్గర ఆట గీయాల్సిన 1280, 720. పెద్ద అక్షరాల డబ్ల్యూ, హెచ్ దగ్గర తెర కొలతలు 1920, 1080. పెద్ద ఎఫ్ పక్కన ఎఫ్‌ఎస్‌ఆర్ అని చిన్న అక్షరాల్లో రాసి, చిన్న ఎఫ్ పెడితే తెర నిండా వస్తుంది. చివర రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ, రెండు శాతం గుర్తుల మధ్య కమాండ్ అనే మాట. చిన్నా పెద్దా అక్షరాలు తారుమారైతే బొమ్మ తిరగబడిన లెక్కలో వస్తుంది, అక్కడొక్కటే జాగ్రత్త.

ఫ్రేమ్ జనరేషన్ గురించి క్లుప్తంగా. ఇది రెండు ఫ్రేముల మధ్య మూడోదాన్ని ఊహించి చొప్పిస్తుంది. ఏఎండీయే కనీసం 60 ఫ్రేములు సొంతంగా వస్తుంటే వాడమంటుంది. 60 హెర్ట్జ్ డెక్‌లో 60 వచ్చేస్తే ఇక దీని అవసరమే లేదు. 30 వస్తుంటే వాడితే చూడటానికి సాఫీగా ఉన్నా బటన్ నొక్కిన పని ఆలస్యంగా జరుగుతుంది. అలై లాంటి 120 హెర్ట్జ్ తెర మీద, 60 తేలిగ్గా వచ్చే ఆటలో మాత్రమే దీనికి అర్థం ఉంది.

వేసవి సెట్టింగ్స్

స్టీమ్ డెక్ 0 నుంచి 35 డిగ్రీల గది ఉష్ణోగ్రతలో బాగా పనిచేస్తుందని, అంతకు మించితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకోవచ్చని వాల్వ్ 2022లో చెప్పింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే నేల మనది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో జనవరి నాటి సెట్టింగ్స్‌తో ఆడితే ఇరవై నిమిషాలకే ఫ్రేములు జారిపోతాయి, దానికి ప్రోటాన్‌ను తిట్టుకుని లాభం లేదు. ఓవర్‌లేలో ఉష్ణోగ్రత 90 దాటి, జీపీయూ వేగం పడిపోతుంటే వేడే కారణం. ఎండాకాలానికి విడిగా ఒక పద్ధతి పెట్టుకోండి: టీడీపీ రెండు మూడు వాట్లు తక్కువ, ఫ్రేములు 40 బదులు 30, గ్రాఫిక్స్ ఒక మెట్టు కిందికి. వెనక గాలి పీల్చే రంధ్రాలు దుప్పటికి, దిండుకు ఆనకూడదు. చార్జింగ్ పెట్టి ఆడితే వేడి ఇంకా పెరుగుతుంది. నీళ్లు పోసే కూలర్ గాలి నేరుగా తగిలేలా కూర్చోవద్దు, ఆ తేమ లోపలికి పోతుంది. ఫ్యాను కింద కూర్చోవడమే మంచిది.

ఎప్పుడూ ప్లగ్‌కే ఉంచి ఆడేవాళ్లు సెట్టింగ్స్‌లో చార్జింగ్ హద్దు 80 శాతం పెట్టుకోండి. స్టీమ్‌ఓఎస్ 3.7 నుంచి ఆ ఎంపిక ఉంది.

అప్‌డేట్ తర్వాత ఆట ఆగిపోతే

నిన్న నడిచిన ఆట ఈ రోజు నడవకపోతే ముందు ఆ ఒక్క ఆట ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ తెరిచి, ప్రోటాన్ పాత వెర్షన్ ఎంచుకోండి. కుదరకపోతే ప్రోటాన్‌అప్-క్యూటీ అనే సాధనంతో జీఈ-ప్రోటాన్ (బయటివాళ్లు మార్పులు చేసిన ప్రోటాన్) దింపుకుని, స్టీమ్‌ను ఒకసారి మూసి తెరిచి, అదే జాబితాలో దాన్ని ఎంచుకోండి. కథ మధ్యలో వచ్చే వీడియోలు నల్లగా కనిపించే ఆటలకు ఇది తరచూ పరిష్కారం. ఒక్క ఆట కాదు, అన్నీ చెడిపోయాయంటే తప్పు వ్యవస్థ అప్‌డేట్‌లో ఉంది. బజైట్‌లో యంత్రం తెరుచుకునేటప్పుడు వచ్చే బూట్ మెనూలో రెండో వరుస పాత రూపం. దాన్ని ఎంచుకుంటే అప్‌డేట్‌కు ముందున్న వ్యవస్థ తెరుచుకుంటుంది. మీ ఆటలు, సేవ్ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వారం పాటు దాని మీదే ఆడి, కొత్త అప్‌డేట్ వచ్చాక మళ్లీ మొదటి వరుసకు వెళ్లండి.